మందం అడుగు గ్లాసులు

నెల్లిమర్ల మిల్లు గేటు కాడ నాది టీ కొట్టు.
గోగునార నుసి గాల్లో తేలుతూ వచ్చి
పాల మీగడ మీద కూడా వాలుతుంది.
ఊదుకుంటాం, తాగుతాం.

దసరా దాటాక పాలు పెరిగాయి.
తర్వాత గ్యాసు బండ.
తర్వాత, ఎందుకో ఎవరికీ తెలీదు, యాలకులు.
పలక మీద పది చెరిపి పన్నెండు రాశాను.
ఎ-షిఫ్టు దిగిన అసిరినాయుడు
పలకని చూశాడు, నన్ను చూశాడు,
జేబులో చెయ్యి పెట్టి
ఏదో మర్చిపోయినవాడిలా వెనక్కి తిరిగాడు.
పదిహేనేళ్ళలో ఆ మనిషి టీ తాగకుండా వెళ్ళడం
అదే మొదలు.

రాత్రికి పన్నెండు చెరిపేశాను.
తెల్లారి విజయనగరం బస్సెక్కి
గంటస్తంభం వెనక సందులో కొత్త గ్లాసులు కొన్నాను.
పొడుగు పాతవాటంతే.
అడుగు మాత్రం బొటనవేలు మందం.
"అందరూ ఇయ్యే పట్టుకెల్తన్నారమ్మా"
అన్నాడు కొట్టువాడు, కాగితం చుడుతూ.

అసిరినాయుడు గ్లాసెత్తి ఎండకి పెట్టాడు.
గాజులోంచి వెలుతురు వంకరగా
అతని గడ్డం మీద పడింది.
అయిదు గుటకల టీ
మూడు గుటకలకే అయిపోయింది.
ఓలమ్మా, ఏటిదీ, అంటాడని
పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను.

అనలేదు.
"డీఏ పెంచినారట, బోర్డు మీద ఏసినారు" అన్నాడు.
"మంచిదే కదా."
"అంకె పొడుగే ఆదెమ్మా. అడుగే మందం."
పది రూపాయలు పెట్టి వెళ్ళిపోయాడు.

పాల సన్యాసి పోసే ధార
ఈ మధ్య చప్పుడు మారింది.
నీళ్ళ చప్పుడు నాకు తెలీదా.
నేనూ అడగలేదు.
వాడి గేదెకీ చిట్టు కొనాలి,
చిట్టు అమ్మేవాడి ఇంట్లో ఎవరికో
బీపీ మాత్రలు కొనాలి.
అడగడం మొదలెడితే
ఎవరి దగ్గర ఆగాలో తెలీదు.

పాత గ్లాసులు పారెయ్యలేదు.
గోనెలో చుట్టి అటక మీద పెట్టాను.
మళ్ళీ దించుతానని కాదు.
షిఫ్టు దిగిన మనిషి
ఒక పూట ఎంత టీ తాగేవాడో
కొలత ఒకటి ఉండాలి కదా.

మొన్న మా చిన్నది పుస్తకాల కోసం అటకెక్కి
ఒక గ్లాసు దింపింది,
కడిగి నీళ్ళు తాగింది.
"అమ్మా, ఇంత పెద్ద గ్లాసు
మనింట్లో ఎందుకుందే?"