మూరెడు కాలు

గురువారం పుట్టానని ఖమీస్ అని పేరు పెట్టారు.
అంతకన్నా పెద్ద ఆలోచనేదీ లేదు నా పేరు వెనక.
ఫయ్యూమ్‌కు పడమట, నీళ్ళు మరిచిపోయిన చోట
పద్దెనిమిదేళ్ళుగా తిమింగలాలకు కాపలా కాస్తున్నాను.

నవ్వకండి.
ఇసుకలోనే ఉన్నాయి, పది బారల పొడుగున,
వెన్నుపూసలు తిరగలి రాళ్ళలా వరస పెట్టి,
ఈదడం ఆపిన చోటే.
రాత్రి గాలి కప్పుతుంది, పొద్దున నేను చీపురుతో విప్పుతాను.
మా ఇద్దరి కొలువూ ఎవరి దగ్గరో ఒకరి దగ్గరే అనుకుంటా.

తోక దాపున, చూడవచ్చినవాళ్ళు చూడకుండా పోయే వైపు
ఒక కాలు ఉంది.
మోకాలు, మడమ, మూడు వేళ్ళు.
పక్కన నా చేయి ఆనించి కొలిచాను,
మోచేతి నుంచి నడివేలి కొస దాకా.
సరిగ్గా మూరెడు.
అంత ఒంటికి ఇంత కాలు!
ఏనుగుకి పసిపిల్ల చెప్పు తొడిగినట్టు.
నడవడానికి చాలదు, ఈదడానికి అక్కర్లేదు.
మరి ఎందుకిది?

ఎందుకు అన్న మాట
మొదట కాలి గురించే అడిగాను.
అది అక్కడితో ఆగలేదు.

శుక్రవారం మింబరు మెట్ల మీంచి షేక్ మిత్వల్లీ
పేరెత్తకుండా నన్నే అడిగాడు:
"చేపకి కాళ్ళున్నాయని చూపించి పుచ్చుకునే జీతం
హలాలేనా?"
తలలన్నీ తిరిగాయి.
చెవులు కాలింది మాత్రం నాకొక్కడికే.
ఇంటికొచ్చి చెబితే సనియ్య
రొట్టెల పిండి మీది తడిగుడ్డ తీసి చూపించింది:
"దీన్నడుగు. పొంగుతోందా లేదా?"

కైరో నుంచి ఎముకల కోసం వచ్చే దిమ్యానా
కాప్టిక్ క్రైస్తవుల పిల్ల.
మణికట్టు మీద గోరంత నీలి సిలువ పచ్చబొట్టు.
మోకాళ్ళ మీద కూర్చునే ముందు ప్రతిసారీ
నుదురూ రొమ్మూ రెండు భుజాలూ తాకుతుంది,
ఆ తర్వాతే కుంచె పట్టుకుంటుంది.
ఒకరోజు ఉండబట్టలేక అడిగాను:
"నేల మీద నడిచిందంటావు, నీళ్ళలోకి మళ్ళీ పోయిందంటావు,
నాలుగు కోట్ల ఏళ్ళంటావు.
మరి ఆ దణ్ణం ఎవరికమ్మా?"
కుంచె ఆపలేదు.
"చేతిని నేనెప్పుడూ అడగలేదు, ఖమీస్ మామా."

చిన్నప్పుడు నానమ్మ యూనుస్ ప్రవక్త కథ చెప్పేది,
చేప కడుపులో, చీకటి లోపలి చీకటిలో
ఆయన పెట్టుకున్న మొర.
నేను చేప సంగతి అడిగాను.
లోపల ఎవరో ప్రార్థన చేస్తుంటే
దానికి ఎలా ఉంటుంది నానమ్మా,
కడుపులో తిప్పుతుందా?
చెంప మీద ఒక్కటిచ్చింది.
యాభై ఏళ్ళు దాటాయి. నిన్న రాత్రి
పక్కటెముకల మధ్య దుప్పటి పరుచుకుని పడుకున్నాను.
కడుపులో తిప్పింది.

తెల్లవారుజామున డబ్బాలో నీళ్ళు లేవు.
లేనప్పుడు ఇసుకతో చాలంటారు.
రెండరచేతులూ నేలకి తట్టి
ముఖం తుడుచుకున్నాను, చేతులు తుడుచుకున్నాను.
ఈ ఇసుక సముద్రపు అడుగు.
ఇప్పుడు నేను చేసింది నీళ్ళకి బదులా,
నీళ్ళేనా?
షేక్‌ని అడగను. దిమ్యానాని అడిగితే
రాసుకుంటుంది.

నుదురు నేలకి ఆనించాను.
కళ్ళు తెరిస్తే ఎదురుగా ఆ మూడు వేళ్ళు.
వదిలేయడానికి దానికి బోలెడు కాలం దొరికింది,
వదల్లేదు.
నాలోనూ నడవడానికి చాలనిదేదో ఉంది.
నమ్మకమో, అనుమానమో,
ఏది ముందునుంచీ ఉన్నదో, ఏది మిగిలిపోయిందో
దానికి ఆనించి కొలిచే చేయి లేదు నాకు.

సలాం చెప్పి కుడివైపు తిరిగాను, ఎడమవైపు తిరిగాను.
ఎడమవైపు తోక పూసలు అప్పుడే సగం మునిగాయి.
గాలి లేచింది.
చీపురు ఎక్కడ పెట్టానో.