చెంబెడు నీళ్లు

మా ఇల్లు కొండ మీద, నూట పద్దెనిమిదో మెట్టు దగ్గర.
అక్కణ్ణించి చూస్తే కృష్ణంతా కనబడుతుంది,
బ్యారేజీ గేట్లు లెక్కపెట్టుకోవచ్చు.
నీళ్లు మాత్రం మెట్లెక్కవు.

ఇరవై ఏడేళ్లు వాల్వు తిప్పినవాణ్ణి నేను.
తెల్లారగట్ట నాలుగింటికి
భుజాన ఇనప తాళం, చేతిలో టార్చి.
కింది వరసకి ముప్పావు గంట, మా వరసకి ఇరవై నిమిషాలు.
పైనుంచి బిందెల చప్పుడు,
నా పేరు పెట్టి తిట్లు.
తలెత్తేవాణ్ణి కాదు.

సువార్తమ్మ కాపరానికొచ్చిన కొత్తలో
బండకీ గోడకీ మధ్య జానెడు మట్టిలో మల్లె పెట్టింది.
రోజూ చెంబు పోస్తే గాని మొగ్గ వెయ్యదది.
"వాల్వాయన పెళ్లాం, ఆవిడకేం,
మల్లెలక్కూడా నీళ్లున్నాయి" అంది ఎవరో కుళాయి దగ్గర.
ఆ సాయంత్రం నుంచీ తను చెంబు ముట్టలేదు.
మల్లె ఎండటానికి పదకొండు రోజులు పట్టింది.
ఇద్దరం చూస్తూనే ఉన్నాం.

వానలు పడ్డాక పై ఇంటి జైబున్నీసా
చూపుడువేలంత గన్నేరు కొమ్మ తెచ్చింది,
కోసిన చోట పాలు కారుతూ.
"చెయ్యి కడుక్కో వదినా, విషం.
మేకలే వాసన చూసి తప్పుకుంటాయి.
మందు సీసాలో నీళ్లు పోసి నిలబెట్టు,
తెల్లగా వేరొచ్చాక మట్టిలో పెట్టు.
మొదటి వేసవి ఒక్కటీ కనిపెట్టుకో.
ఆ తర్వాత దాని బతుకు అదే బతుకుద్ది."

ఆ మొదటి వేసవి
బియ్యం కడిగిన నీళ్లు,
నేను మొహం కడుక్కున్న నీళ్లు.
వాటికెవరూ వంక పెట్టలేరుగా.

రెండో ఏడు, రోహిణి కార్తె.
బండ మీద కాలు పెడితే బొబ్బ లేచే బెజవాడ మధ్యాహ్నం
డ్యూటీ దిగి మెట్లెక్కి వస్తుంటే
గోడ మీదుగా గులాబి రంగు.
ఒక్క ఆకూ వాలలేదు.
వాడిపోయింది నేనే.

జడలో పెట్టుకునే పువ్వు కాదు.
వాసనా అంతంతే.
అయినా ఎవరొచ్చినా చూపించేది సువార్తమ్మ.
"దీనికి నేనేం పొయ్యను" అని
ముందు ఆ మాట చెప్పి,
తర్వాత పువ్వు చూపించేది.

పోయిన జూన్‌లో తాళం ఆఫీసులో అప్పజెప్పాను.
ఇప్పటికీ నాలుగింటికి మెలకువొస్తుంది,
దుప్పటి కింద మణికట్టు ఎడమకి తిరుగుతుంది.
నిన్న ఉండబట్టలేక లేచి
చెంబెడు నీళ్లు గన్నేరు మొదట్లో పోశాను.
చీకట్లో మట్టి గుటకేసిన చప్పుడు.

"అది అడిగిందా?"
తలుపు దగ్గర సువార్తమ్మ.
లేదన్నాను.

కాసేపు నిలబడి,
నా చేతిలో చెంబు అందుకుని
అడుగున మిగిలింది తనే వంపింది.