వేలు చూపిన వైపు

షిప్‌యార్డులో పదహారేళ్లు గ్రైండర్ పట్టాను.
కుడిచెవి ముందు పోయింది.
ఎడమది సగం జీతానికి పనిచేస్తోంది.
కేజీహెచ్‌లో డాక్టరమ్మ గీసిన గీత
యారాడ కొండ దిగే రోడ్డులా
కొంతదూరం బానే ఉండి ఒక్కసారి కిందికి జారింది.
స, శ, ఫ, త... పల్చటి అక్షరాలన్నీ
ఆ వాలులోనే ఎక్కడో పడిపోయాయట.

సరిగ్గా ఆ ఏడాదే
మా పూర్విక మాటలు ఏరుకోవడం మొదలెట్టింది.

మొదటి మాట 'అమ్మ' అంటుంది గౌరీశ్వరి.
'తాత' అని మా మావ పందెం.
నేను ఒప్పుకోను.
మొదటి మాట ఆ పిల్ల చూపుడువేలు.
పదకొండో నెలలో, మల్కాపురం మేడ మీద,
ఆరేసిన లుంగీల సందులోంచి
రేవులో నిలబడ్డ ఓడకేసి చాపింది.
ఓడను చూసి ఊరుకుందా, లేదు.
వెనక్కి తిరిగి నా మొహం చూసింది,
నేనూ చూస్తున్నానో లేదో అని.
మళ్లీ ఓడ. మళ్లీ నేను.
ఉమ్ము తడి ఆరని అంత చిన్న వేలికి
ఇద్దరు మనుషుల్ని ఒక ఓడకు కట్టేసే తాడు
ఎక్కడ దొరికిందో.

తర్వాత 'బూ' వచ్చింది.
ఓడ కూత బూ. ఓడా బూ.
బొగ్గు వేసుకెళ్లే గూడ్సు బండి బూ.
సింధియా జంక్షన్లో అడ్డంగా పడుకున్న ఆంబోతు బూ.
పెళ్లిలో మా పెదమావ కూడా బూ.
ఆయన నవ్వాడు, ఆవిడ నవ్వలేదు.
"ఏటమ్మా, గుంటకి మాట తిరగట్లేదు" అన్నారు వీధిలో.
నాకు మాత్రం
లోకంలో పెద్దవన్నీ ఒకే గోనెసంచిలో కుక్కి
భుజానేసుకున్న కలాసీలా కనబడింది.
రెండు నెలలు పోయాక తనే సంచి విప్పింది.
లాలీ. లైలు. మావ.
బూ ఓడకే మిగిలింది.

దాహమేస్తే "నీకు నీళ్లు" అంటుంది.
కాళ్లు నొప్పెడితే "నిన్ను ఎత్తుకో" అంటుంది.
దిద్దబోయి ఆగిపోయాను.
పుట్టిన్నాటినుంచి అందరూ తనని పిలిచింది 'నువ్వు' అనే కదా.
'నేను' మాత్రం ఈ ఇంట్లో ఒక్కరి దగ్గరా నిలవదు,
నోరు తెరిచినవాళ్ల దగ్గరికల్లా వెళ్లిపోతుంది.
దాన్ని పట్టుకోవడమంటే మాటలా.

పక్కవాటా ఇమాన్యుయేలు కొడుకు మెట్ల మీంచి దొర్లాడు.
వాళ్లమ్మ అక్కడే ఉంది, ఎత్తుకునే ఉంది.
అయినా ఇది లోపలికి పరిగెత్తి
పిండిచేతుల గౌరీశ్వరిని నైటీ పట్టి ఈడ్చుకొచ్చి
వాడి ముందు నిలబెట్టింది.
ఏడుపుకి తనకి తెలిసిన మందు అదొక్కటే.
వాడు ఏడుపాపి ఎక్కిళ్లతో చూశాడు.
ఇద్దరమ్మలు ఏం చెయ్యాలో తెలీక నిలబడ్డారు.

మొన్న రాత్రి సెకండ్ షిఫ్టు దిగి
అన్నం ముందు కూర్చున్నాను.
వెనకనుంచి పిలిచిందట. మూడుసార్లు పిలిచిందట.
గౌరీశ్వరి చెప్పబోతే చెయ్యడ్డం పెట్టి
చుట్టూ తిరిగి ముందుకొచ్చింది,
నా ఒళ్లోకెక్కింది,
రెండు చేతుల్తో గెడ్డం పట్టి
నా మొహాన్ని తన మొహానికి ఎదురుగా తిప్పుకుంది.
నోరు బాగా తెరిచి, మెల్లగా,
"నా. న్నా. బూ."

ఎవరూ నేర్పలేదు.
నా తలకాయలో ఉన్న నిశ్శబ్దం
తన తలకాయలో లేదని
రెండేళ్ల రెండు నెలల పిల్లకి ఎప్పుడు తెలిసింది?
నేనింకా మా ఫోర్‌మన్‌కే చెప్పలేదు.

వేలు చూపిన వైపు వెళ్లాం.
చీకట్లో ఓడ లేదు, కూత లేదు.
కిటికీ ఊచ మీద నా చెయ్యి తీసుకెళ్లి పెట్టింది,
పక్కన తన చెయ్యి.
ఇనుము సన్నగా వణుకుతోంది,
దూరంగా ఎవరో గ్రైండర్ ఆపేశాక మిగిలే వణుకులా.

"నీకు వినబడింది" అంది.
తన సంగతి చెప్పిందో
నా సంగతే చెప్పిందో
అడగలేదు.