పై గిన్నె

రాత్రి పదకొండున్నరకి
కాశీబుగ్గ బైపాస్ మీద మూడు హారన్లు.
రెండు పొట్టివి, ఒకటి పొడుగు.
మా వీధి కుక్కలకి కూడా తెలుసు
అది మా ముఖలింగం అని.
మొరగడం ఎప్పుడో మానేశాయి.

విశాఖ ఇనుము పారాదీప్‌కి,
పారాదీప్ ఎరువు బస్తాలు మళ్ళీ ఇటు.
మధ్యలో నాకు ఏడు నిమిషాలు.
ఇంజను ఆపడు.
ఆపితే మళ్ళీ స్టార్టవదంటాడు గానీ
దిగి కూర్చోవాలనిపిస్తుందని వాడి భయం.
కిందనించి నేను క్యారేజీ ఎత్తుతాను,
పైనించి వాడు చెయ్యి చాపుతాడు.
"తిన్నావేటప్పా?"
"తిన్నాన్రా. నువ్వో?"
"ఆఁ."
ఇద్దరిదీ అబద్ధమే.

నాలుగు గిన్నెల క్యారేజీ.
మూత మీద చుక్కలు చుక్కలుగా అమ్మ పేరు,
అందులో ఒక అక్షరం తప్పు.
పై గిన్నె వాడికి, దారిలో తినడానికి.
కింది మూడూ పారాదీప్‌లో మా నీలవేణికి.
ఎవరి గిన్నే ఖాళీగా తిప్పి పంపకూడదనేది అమ్మ.
నేను పనసపొట్టు కూర పంపితే
అది ఎండు నెత్తళ్ళు పంపేది.
జీడిపప్పు బద్దలు పంపితే
పిల్లకి పొట్టయిపోయిన గౌను
మా మనవరాలికని మడత పెట్టి పంపేది.

నాలుగేళ్ళు ఇలాగే మాట్లాడుకున్నాం.
నోటితో కాదు.

అమ్మ పదోరోజున, కమ్మల కాడ
నేనొక మాట అన్నాను.
ఏ మాటో ఇప్పుడు గుర్తు లేదు.
గుర్తుంది. చెప్పను.
అది ఆ రాత్రే బస్సెక్కీసింది.

జీడిపిక్కలు కొట్టీ కొట్టీ
నా వేళ్ళ మీద గీతలు చెరిగిపోయాయి.
రేషను మిషను నన్ను నేనని ఒప్పుకోదు.
కొత్త ఫోనుకి లింగం తన బొటనవేలు పెట్టాడు,
"వచ్చినప్పుడల్లా తీసిపెడతాన్లే" అని నవ్వుతూ.
అందుకే ఏడు నిమిషాల్లో ఒకటి
నా ఫోను వాడి చేతిలో ఉండేది.
చెల్లి పెద్దకూతురికి ముందు పళ్ళు ఊడాయి.
చిన్నోడు మా నాన్నలాగ ఎడంచేత్తో తింటున్నాడు.
ఇవన్నీ నాకు వాడి వేలు చెప్పినవే.

పోయిన వైశాఖంలో
ఓనరు వాణ్ణి రాయపూర్ లైనుకి వేశాడు.
సాలూరు నించి ఘాటెక్కి అటునించి అటే.
"అప్పా, ఇక్కడంతా మంచు, ముందర బండి కూడా..."
ఫోను అక్కడితో తెగిపోతుంది.
మిగిలిన ఘాటు రోడ్డంతా నేను మంచం మీద నడుపుతాను.

క్యారేజీ పారాదీప్‌లో ఉండిపోయింది.
పదకొండున్నరకి మెలకువ మాత్రం నా దగ్గరే ఉంది.

మొన్న ఆదివారం
రెండు పొట్టివి, ఒకటి పొడుగు.
చెయ్యి కొత్తది, కాస్త తొందర ఎక్కువ.
కుక్కలు లేచి మొరిగాయి.
పార్వతీపురం కుర్రాడట, మీసాలింకా సరిగ్గా రాలేదు.
"దాలమ్మప్పంటే నువ్వేనేటి?
లింగమన్న ఈ మోత నేర్పించేడు."
ఇంజను ఆపాడు వాడు.
"నీకేమైనా పెట్టిందా మా చెల్లి?"
"నాకు యేరేగా పొట్లం కట్టింది."

దీపం కింద విప్పాను.
అడుగున పండుగొప్ప పులుసు.
దాని మీద నెత్తళ్ళు.
దాని మీద వాళ్ళూరి కాల్చిన జున్నుముక్క, ఆకుతో సహా.
పై గిన్నె ఖాళీ.
కడిగి, తుడిచి,
తడి లేకుండా ఆరబెట్టిన ఖాళీ.

వాడి గిన్నెలో ఇంకెవరికీ పెట్టలేదు అది.

ఫోను తీశాను. నా బొటనవేలు పెట్టాను, అలవాటుగా.
ఒప్పుకోలేదు.
పోపుల డబ్బా అడుగున లింగం రాసిచ్చిన చీటీ,
పసుపు అంటిన నాలుగు అంకెలు.
ఒక్కొక్కటే నొక్కాను.

"ఎవరూ?"
నిద్రమత్తులో అచ్చం అమ్మ గొంతు.
నాలుగేళ్ళుగా కూడబెట్టుకున్న మాటలన్నీ
ఎటు పోయాయో.
"పులుసులో ఉప్పు ఎక్కువేసీసినావే" అన్నాను.

అటునించి ఏమీ లేదు.
ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.
దూరంగా ఏదో ఓడ కూత.

"నీళ్ళు పోసి మరిగించుకో" అంది.

పొయ్యి వెలిగించాను,
ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి.
పులుసు ఉడుకు పట్టేదాకా
ఇద్దరం పెట్టెయ్యలేదు.