పిడికెడు

సుగ్గికి పోయే రాత్రి
ఐచర్ బండి కోసిగి రోడ్డు మీద ఆగింది.
గిన్నెలు, గోనెపట్టలు, జొన్నపిండి మూట,
పొయ్యిరాళ్లు మూడు కూడా ఎక్కించినాము.
గుంటూరులో రాళ్లు దొరకవా అని మేస్త్రీ నవ్వె.
బిడ్డను మాత్రం దించినాము.

మూడేండ్లు ఎక్కిస్తానే ఉంటిమి.
మిరపచేను గట్టున చీర ఉయ్యాల,
ఘాటుకు దగ్గు, దగ్గుకు ఏడుపు,
బళ్లో పేరు ఒక తావ, మనిషి ఒక తావ.
ఈ తూరి నాగవేణి
ఆమె చేయి పట్టుకుని రోడ్డు పక్కన నిలబడింది.
బండి కదిలినా ఏడ్వలేదు.
అదే నాకు ఏడుపొచ్చె.

మొదట్లో చైనా ఆమె అంటిమి.
కాదు, మిజోరం అనె.
అది గుంటూరుకు ఈపక్కనా ఆపక్కనా
అని మా అత్త అడిగె.
పేరు లాల్‌రువాత్‌పుయి.
మా నోట్లో అది సగం గులకరాళ్లు, సగం నీళ్లు.
తోక పట్టుకుని పూయమ్మ అనుకుంటిమి.
చర్చి ఎనక రేకుల రూములో
సుగ్గికి పోయినోళ్ల బిడ్డలు ఇరవై ముగ్గురు,
ఆమె, ఆమె ఎండబెట్టిన ఏదో కొమ్ముల కూర వాసన.
ఆ వాసనకే సగం ఊరు ఆ తట్టు పోదు.

ఇంత దూరం ఎందుకొచ్చినావమ్మా?
పూజారి అడిగె, పోస్టుమేను అడిగె,
నేనూ అడిగితి, కొంచెం కోపంగానే:
మా దేవున్ని ఇడిపించనీకా?
ఆమె దువ్వెన ఆపలేదు.
నాగవేణి తలలో పేలు చూస్తా
చానాసేపటికి, ముక్కలు ముక్కలుగా చెప్పింది:
"మా ఊరు. అమ్మలు. వంట ముందు
పిడికెడు బియ్యం పక్కకు. పొద్దున. రాత్రి.
అన్నీ కలిపి, అమ్మి, నన్ను పంపె."
ఏసయ్య మాటా చెప్పింది. దాచలేదు.
చెప్పి, దువ్వెనకు చిక్కిన పేనును
గోటి మీద టిక్కున నొక్కింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
పిడికెడు బియ్యంతో మనిషి ఇంత దూరం వస్తాదా?
మా ఇంట్లో పిడికెడు ఎప్పుడు మిగిలె?

పత్తిపాడు అవతల చేను.
రాత్రి ఏడుకు ఫోను.
"ఉరుకుందమ్మా, భయం వద్దు.
నీ బిడ్డను తిన్నాను."
కూలోళ్లంతా టిక్కీల మీద పడి పొర్లి నవ్విరి.
ఎనక నుంచి నాగవేణి గొంతు:
"తినిపించినా అనల్లక్కా! తి ని పిం చి నా!"
బిడ్డకే బిడ్డ దొరికింది చూడు.
నవ్వుతా నవ్వుతా కళ్లు తుడుచుకుంటి,
మిరపకాయలు కోసిన చేతులని మరిచి.
తెల్లార్లూ మంట.
ఏది కారమో, ఏది బెంగో.

అంతా తీపేం కాదు.
సంక్రాంతి దాటినాక బిడ్డకు జరమొస్తే
ఆదోని ఆసుపత్రిలో మూడు రాత్రులు కూచుంది;
తగ్గినాక గాని నాకు చెప్పలేదు.
ఫోన్లోనే తిట్టితి. ఊరుకుంది.
ఎండాకాలం తిరిగొచ్చి
ఉరుకుంద ఈరన్నకు మొక్కు తీర్చి
కొబ్బరిచిప్ప ఇస్తే, చేయి చాపలేదు.
"నేను తినకూడదు, అక్కా" అనె.
ముల్లు దిగినట్లయింది నాకు.
ఆమెకూ దిగిందేమో,
చీర కొంగు పట్టుకోవడం చేతకాక
ఏళ్లతో ఊరికే మెలిపెడతా ఉండె.
వారం మాటల్లేవు.
ఎనిమిదో దినం రేషన్ కార్డులో
నాగవేణి పేరు ఎక్కించిన కాగితం
గుమ్మంలో రాయి కింద పెట్టి పోయింది.

నేను చర్చికి పోలేదు. పోతానో లేదో తెలీదు.
ఆమె రమ్మనింది ఒకటే తూరి.

మళ్లా సుగ్గి దగ్గరికొచ్చె.
పాత డాల్డా డబ్బా ఒకటి కడిగి
రొట్టె తట్టే ముందు
పిడికెడు జొన్నలు అందులో వేస్తా ఉండా.
ఇంకా అడుగు కనపడతానే ఉండాది.
అత్త చూసె.
"ఏ దేవునికే ఇది?"
"జొన్నలు గదత్తా,
ఎవరికో ఒకరికి తినిపించనీకి."
అత్త పలకలేదు. పొయ్యిలోకి కట్టె తోసె.
కొంచేపుండి అనె,
"మూత గట్టిగా పెట్టు.
పురుగు పడతాది."