ఉపయోగం తెలియదు

నా ఉద్యోగం నలభై మాటల్లో ఉంటుంది.
అంతకు మించితే ఎవరూ చదవరంటుంది మా మేడం,
నిలబడ్డ మనిషి ఓపిక అంతేనట.
మూడు తరాలు నరికిన కత్తికైనా నలభై,
మూడంగుళాల అత్తరు సీసాకైనా నలభై.

పురానాపూల్ దాటాక, ఫర్నిచర్ కొట్ల సందులో
ఒక పాత దేవిడీని మ్యూజియం చేశారు.
గుర్రాలు కట్టిన చోట టికెట్ కౌంటరు,
జనానాలో కత్తుల గది.
దేని పక్కన ఏది పెడితే అది కథ అవుతుందని
ఇక్కడికొచ్చాకే తెలిసింది.
పాన్‌దాన్ పక్కన తుపాకీ పెట్టామా, కుట్ర.
అదే పాన్‌దాన్ పక్కన ఆరిపోయిన దీపం పెట్టామా, విరహం.
పాన్‌దాన్ మాత్రం ఏమీ ఎరగనట్టు
మూత మూసుకుని కూర్చుంటుంది.

నేల మీద బాణం గుర్తులు నేనే అంటించాను.
ఓ రోజు బహదూర్‌పురా బడి పిల్లాడొకడు
వరస తప్పి, బయటికెళ్ళే ద్వారంలోంచి లోపలికొచ్చాడు.
వాడికి ముందు నవాబు చచ్చిపోయాడు,
తర్వాత అప్పులు తీరాయి,
యుద్ధం ఆగింది, పెళ్ళి జరిగింది,
చివరికి వెండి ఉయ్యాల్లో హాయిగా పడుకున్నాడు.
"మంచిగుంది సార్" అన్నాడు.
నాకూ మంచిగనే అనిపించింది. మేడంకి చెప్పలేదు.

ఏడో గది, పదకొండో నంబరు.
జానెడు చెక్క. ఒక అంచు నల్లగా కమిలింది.
నడుమ వేలు పట్టేంత గుంట.
రిజిస్టరులో దాత పేరు లేదు, ఏడాది లేదు.
నలభై మాటల చోటున్నా
నేను రాసినవి రెండే: ఉపయోగం తెలియదు.
పక్కనున్న కెంపుల పిడిబాకుకి మూడు లైట్లు,
దీనికి ఆ బాకు మీద పడగా మిగిలిన వెలుతురు.

గార్డు అంజిలప్ప మాత్రం దాన్ని ఊరికే ఉండనివ్వడు.
సోమవారం వచ్చినోళ్ళకు అది హకీము మందు నూరిన చెక్క.
బుధవారం, దొంగల వేళ్ళు నలిపిన చెక్క.
గురువారం ఎవరో కొత్తజంట వస్తే
బేగం వీపు గోక్కున్న చెక్క.
శుక్రవారం మాకు సెలవు,
ఆ ఒక్కరోజూ అది వట్టి చెక్క.

మొన్న పెద్దవాన.
బుర్ఖా అంచు పిండుకుంటూ వరండాలో నిలబడిందొక ముసలామె,
రబియా బీ అని తర్వాత తెలిసింది.
వాన తగ్గేదాకా లోపల చూసుకోమన్నాడు అంజిలప్ప, టికెట్ అడగలేదు.
బాకును దాటింది. నవాబు పటం ముందు తుమ్మింది.
పదకొండో నంబరు దగ్గర ఆగి,
పరాయి పెళ్ళిలో పక్కింటామెను చూసినట్టు
నవ్వింది.

చదవడం రాదామెకు. అద్దానికి చేయి ఆనించింది.
చేయి తనంతట తనే కదిలింది,
ముందుకు నొక్కి, వెనక్కి లాగి, కొంచెం తిప్పి,
మళ్ళీ నొక్కి.
ఉత్త గాలిలో వేడి లక్క సాగడం చూశాను నేను.
ఆమె చూపుడువేలి కొన నున్నగా ఉంది, గోరు సగమే.
ముప్పై ఏళ్ళు లాడ్‌బజార్ వెనక గల్లీలో
బొగ్గుల కుంపటి ముందు కూర్చుందట.
ఆ చెక్క పేరు చెప్పింది.
గొంతు అడుగున గీరుకుంటూ వచ్చే ఖ అది,
నా అక్షరాల్లో దానికి చోటు లేదు.
పక్క గదిలో బేగం గాజుల పెట్టెవైపు గడ్డం చూపి
"గాజులు ఆడ పెట్టి చెయ్యి ఈడ పెట్టిన్రేంది బేటా" అంది.
వాన తగ్గింది. వెళ్ళిపోయింది.

రాత్రి కొత్త లేబుల్ రాశాను, ముప్పై తొమ్మిది మాటలు.
ఆధారం ఏమిటంది మేడం.
ఒక చెయ్యి అన్నాను.
ఏ పుస్తకం, ఎన్నో పేజీ అంది.
ఫైలు ఇంకా పై టేబుల్ మీదే ఉంది.

అంజిలప్ప ఇప్పుడు ఆ చెక్క గురించి ఏమీ చెప్పడు.
ఎవరైనా అడిగితే అద్దానికి చేయి ఆనించి
ముందుకు నొక్కి, వెనక్కి లాగి, కొంచెం తిప్పుతాడు.
ఇంకా సరిగ్గా రావట్లేదు.