ఆరు, నాలుగు

మామునూరు నుంచి బసంత్‌నగర్‌కు యాభై మైళ్లు.
స్కేలు పెట్టి గీసిన గీత.
పటం మీద పెన్సిల్ పోయినంత సులువుగా
గాలిలో పుష్పక్ పోతుందనుకున్నాను.

దిక్సూచి మూడువందల నలభై ఆరు.
ముల్లు కదల్లేదు, నేనూ కదల్లేదు.
ఒళ్లో పటం, మణికట్టు మీద గడియారం,
పక్క సీట్లో ఇఫ్తెకార్ సారు
సోంపు నములుతూ కిటికీలోంచి చూస్తున్నారు,
ఏదో పెళ్లి బస్సెక్కినట్టు.

భాద్రపదం. కిందంతా చెరువులే.
పటంలో లేని కుంటలు కూడా
నిండి, మెరిసి, పేరున్న చెరువుల్లా కూర్చున్నాయి.
వంకర కట్ట, పక్కన గుట్ట, నాలుగు తాళ్లు.
"ఇదే సార్, ఇదే మన చెరువు" అన్నాను.
"నేలను జూసి పటంల దేవులాడితే
ప్రతి చెరువూ నేనే అంటది సారక్కా.
ముందుగాల గడియారం.
తర్వాత పటం. ఆఖరుకు నేల."

పదిహేడు నిమిషాలు. అంటే ఇరవై మైళ్లు.
రైలు పట్టా ఎడమ రెక్క కింద
రెండు మైళ్లలో ఉండాలి.
ఉంది. నాలుగు మైళ్ల అవతల,
సన్నగా, అలిగి జరిగి కూర్చున్నట్టు.
జమ్మికుంట వైపు గూడ్సు ఒకటి
అగ్గిపెట్టెల వరుసలా పోతోంది.

ఆ పట్టా మా నాన్నది.
కాజీపేట షెడ్డులో బొగ్గు పార పట్టి
ఇరవై రెండేళ్లకు రెగ్యులేటర్ పట్టుకున్న మనిషి.
పట్టా తప్పడం అన్న మాట
మా ఇంట్లో అన్నం దగ్గర ఎవరూ అనరు.
పట్టా తప్పితే క్రేను వస్తుంది,
తెల్ల గుడ్డలు వస్తాయి,
వాటి వెనక విచారణ వస్తుంది.

"తప్పిపోయాను సార్."
"తప్పిపోలే. తప్పినవ్.
ఎంత తప్పిండో తెల్వనోడు తప్పిపోతడు.
లెక్కగట్టు."

అరవై మైళ్లకు మైలు తప్పితే ఒక డిగ్రీ.
ఇరవైకి రెండంటే, ఆరు.
నా చెయ్యి అప్పటికే కర్రను ఎడమకు నెడుతోంది,
ఆ రెండు మైళ్లూ ఒక్క గుక్కలో మింగి
గీత మీద పడిపోదామని.
రెండు వేళ్లతో ఆపారు సారు.
"ఎనకకు పోయి గీతను బతిమాలుతవా?
అది కాయితం మీదుంది, నువ్వు ఈడున్నవ్.
ఈడికెల్లి బయల్దేరు.
ఆరు తిప్పితే ఏమైతది?"
గీత పక్కనే, గీతకు సమంగా పోతాం సార్.
"అంటే రెండు మైళ్ల దూరంకెల్లి
ఊరికి సలాం కొట్టుకుంట దాటిపోతం. ఇంకా?"
మిగిలింది ముప్పై. రెండు మైళ్లకు, నాలుగు.

గాలికి ఆరు. ఊరికి నాలుగు.
మూడువందల ముప్పై ఆరు.

పది డిగ్రీలంటే ఎంతని!
రెక్క కొంచెం వంగింది, ముక్కు కొంచెం జరిగింది,
పిలిస్తే తల తిప్పినంత కూడా కాదు.
తర్వాత చాలాసేపు ఏమీ జరగలేదు.
అదే కష్టం,
దిద్దినదాన్ని మళ్లీ దిద్దకుండా
చేతులు ఊరుకోబెట్టి కూర్చోవడం.
మానేరు వచ్చింది, ఇసుకలో పాయలు పాయలుగా.
పట్టా మెల్లగా నా వైపు జరిగింది.
పెద్దపల్లి ఇంకా రాకముందే
సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం.
పొగ నిటారుగా లేదు, తూర్పుకు ఒరిగి ఉంది.
పొద్దుటినుంచీ నేను వినని మాట
అది అందరికీ చెబుతూనే ఉంది.

ఆ రాత్రి అన్నం దగ్గర నాన్న అడిగాడు,
"ఎట్ల పోయినవ్?"
"తప్పిన. రెండు మైళ్లు."
ముద్ద చేతిలోనే ఆగింది. అమ్మ గంటె కూడా.
"మరి?"
"మలుపుకున్న. పది డిగ్రీలు."

చాలాసేపు నా మొహం చూశాడు.
తర్వాత ఎంగిలి చెయ్యి బోర్లించి
కంచం మీదుగా ముందుకు పోనిచ్చి
కొంచెం, చాలా కొంచెం,
ఎడమకు తిప్పి చూశాడు.